గ్రీకు నేర్చిన వర్తకుడు

జర్మనీ దేశపు ఉత్తరభాగమున మెక్లెన్‌బుర్గ్ అను సీమ కలదు. అందలి నోయిబుకో అను చిన్న పట్టణమున 1822వ సంవత్సరము జనవరి 6వ తేదీన హైన్రిక్ ష్లీమన్ జన్మించెను. అతని తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. మరుసటి సంవత్సరమే ఆ కుటుంబము అంకెర్స్‌హాగెన్ అను పల్లెకు తరలిపోయెను. ప్రాచీన చరిత్ర యనిన తండ్రికి మిక్కిలి మక్కువ. ఆయన కుమారునికి ట్రాయి నగరపు కథ చెప్పుచుండెడివాడు. గ్రీకులు పది సంవత్సరములు ఆ నగరమును ముట్టడించి, తుదకు కాల్చి బూడిద చేసిరని ఆ కథ. మహాకవి హోమరు రచించిన 'ఇలియడ్' కావ్యమునకు ఆ యుద్ధమే వస్తువు.

1829వ సంవత్సరము క్రిస్మసు పండుగకు తండ్రి ఒక బొమ్మల చరిత్రపుస్తకమును కానుకగా నిచ్చెననియు, అందు మంటలలో నున్న ట్రాయి కోటగోడలను చూచి, అంత బలమైన గోడలు మట్టిలో ఎక్కడనో నిలిచియుండకపోవని తాను వాదించితిననియు ష్లీమన్ పెద్దవాడైన పిదప వ్రాసికొనెను. స్వీయచరిత్ర వ్రాయువారు బాల్యమునకు కొంత రంగు పూయుట కలదు. ష్లీమన్ ఆ పనిని ఇతరులకంటె కొంత హెచ్చుగనే చేసెనని పరిశోధకులు తేల్చిరి. అతని విద్య మాత్రము కల్పన కాదు. అతడు పలుభాషలలో వ్రాసిన దినచర్య పుస్తకములును, వేలకొలది ఉత్తరములును నేటికిని ఏథెన్సు నగరమున గెన్నాడియస్ గ్రంథాలయములో భద్రముగా నున్నవి.

తొమ్మిదవ యేట తల్లి మరణించెను. తండ్రి చిక్కులలో పడెను. చదువు సాగలేదు. పదునాలుగవ యేట ష్లీమన్ ఫ్యుర్‌స్టెన్‌బెర్గ్ అను ఊరిలో ఒక చిల్లర దుకాణమున పనికి కుదిరెను. వేకువన అయిదు గంటలు మొదలు రాత్రి పదునొకండు గంటల వరకు ఉప్పు, వెన్న, ఎండుచేపలు, సారాయి అమ్ముటయే పని. ఒక సాయంకాలము పిండిమరలో పనిచేయు యువకుడొకడు త్రాగి ఆ దుకాణమునకు వచ్చి, తాను బడిలో నేర్చిన హోమరు పద్యములను గ్రీకుభాషలో ఎలుగెత్తి చదివెనట. ష్లీమనుకు ఒక్క ముక్కయు తెలియలేదు. అయినను ఆ నాదమునకు అతడు పరవశుడై, తన జేబులోని కొద్దిపాటి కాసులతో వానికి సారాయి పోయించి, ఆ పద్యములను మూడుమారులు చదివించుకొనెనట. ఆ భాష తనకు ఎన్నడు వచ్చునా యని ఆ రాత్రి కన్నీరు కార్చితినని అతడు చెప్పుకొనెను.

బరువైన పీపా నెత్తుచుండగా రొమ్ము దెబ్బతిని దుకాణపు పని పోయెను. 1841లో అతడు దక్షిణ అమెరికాకు పోవు ఓడ నెక్కెను. ఆ ఓడ హాలండు తీరమున తుఫానులో పగిలిపోయెను. ప్రాణములు దక్కిన ష్లీమన్ ఆమ్‌స్టర్‌డామ్ చేరి, ఒక వర్తక సంఘమున చిన్న ఉద్యోగము సంపాదించెను. సంవత్సరమునకు జీతము ఎనిమిదివందల ఫ్రాంకులు. అందు సగము చదువునకే వెచ్చించెను. చలికాలమున నిప్పు లేని గది, ఉదయమున రై పిండి జావ. ఉత్తరములు పట్టుకొని వీథుల వెంట తిరుగునపుడును, తపాలా కార్యాలయమున నిలిచియుండునపుడును చేత పుస్తకము వీడెడివాడు కాడు.

భాషలు నేర్చుటకు అతడు తనకై ఒక పద్ధతిని ఏర్పరచుకొనెను. నేర్చుభాషను బిగ్గరగా చదువవలెను. మాటకు మాట అనువదించుచు కూర్చుండరాదు. ప్రతిదినము ఒక గంట అభ్యసింపవలెను. తనకు ప్రియమైన విషయములను గూర్చి చిన్న వ్యాసములు వ్రాసి, ఉపాధ్యాయునిచే దిద్దించి, దిద్దిన దానిని కంఠస్థము చేసి, మరునాడు అప్పగింపవలెను. ఈ విధముగా ఆరు మాసములలో ఇంగ్లీషును, మరి ఆరు మాసములలో ఫ్రెంచిని నేర్చెను. ఆదివారములందు ఇంగ్లీషు ప్రార్థనాలయమునకు పోయి, బోధకుడు పలుకు ప్రతిమాటను మెల్లగా వెంటనే తానును పలుకుచుండెడివాడు. అటుపిమ్మట డచ్చి, స్పానిషు, ఇటాలియను, పోర్చుగీసు భాషలు ఒక్కొక్కటియు ఆరువారములలోనే వశమయ్యెను.

రష్యనుభాష కడ మాత్రము ఒక చిక్కు కలిగెను. ఆమ్‌స్టర్‌డాములో ఆ భాష బోధించువాడు అతనికి దొరకలేదు. పాత వ్యాకరణ మొకటి, నిఘంటు వొకటి, ఒక కథకు రష్యను అనువాద మొకటి సంపాదించి తనంతట తానే నేర్వసాగెను. వినువారుండిన చదువు త్వరగా వచ్చునని తోచి, ఒక వృద్ధుని వారమునకు నాలుగు ఫ్రాంకుల కూలికి కుదుర్చుకొనెను. ఆ వృద్ధునికి రష్యను ఒక్క ముక్కయు రాదు. అయినను ప్రతి సాయంకాలము రెండు గంటలు కూర్చుండి వినుటయే ఆయన పని. ఆ ఇండ్ల మిద్దెలు పలుచని పలకలతో కట్టినవి. ఈ కేకలకు తాళలేక ఇరుగుపొరుగువారు ఇంటి యజమానితో మొరపెట్టుకొనగా, ష్లీమన్ రెండుమారులు ఇల్లు మారవలసివచ్చెను. కాని ఆరువారములు గడచునప్పటికి రష్యను వర్తకులకు వారి భాషలోనే ఉత్తరములు వ్రాయగలిగెను. 1846లో అతని యజమానులు అతనిని తమ ప్రతినిధిగా రష్యా రాజధానియైన సెయింట్ పీటర్స్‌బర్గునకు పంపిరి.

అచట అతడు నీలిమందు వ్యాపారమున ధనవంతుడయ్యెను. ఆ కాలమున ఐరోపాకు నీలిమందు విశేషముగా మనదేశమునుండియే పోవుచుండెడిది. 1854లో క్రిమియా యుద్ధము ముదిరిన పిదప సురేకారము, గంధకము, సీసము అమ్మి మరింత గడించెను. ఇన్ని భాషలు నేర్చినవాడు గ్రీకును మాత్రము ముట్టలేదు. ఆ భాషలో పడినచో దాని మోహమున వర్తకము చెడిపోవునని అతనికి భయము. ఇట్లు ముప్పదినాలుగవ యేడు వచ్చెను. 1856 ఆరంభమున, యుద్ధము ముగింపునకు వచ్చుచుండగా, అతడు ఇక నిలువలేక గ్రీకు మొదలుపెట్టెను.

అతని గురువులలో ముఖ్యుడు ఏథెన్సునుండి వచ్చిన థియోక్లిటస్ వింపోస్ అను మతపండితుడు. పాఠ్యపుస్తకముగా ష్లీమన్ ఎన్నుకొన్నది వ్యాకరణము కాదు. 'పాల్ - వర్జీనియా' అను ఫ్రెంచి కథకు నాటి వాడుక గ్రీకులో వెలువడిన అనువాదము. ఆ కథ మారిషస్ ద్వీపమున జరిగినట్లు వ్రాయబడినది. తరువాతి కాలమున మన తెలుగువారు అనేకులు వలసపోయిన దీవియే అది. ష్లీమన్ ఫ్రెంచి పుస్తకమును ఒక ప్రక్కను, గ్రీకు పుస్తకమును మరియొక ప్రక్కను పెట్టుకొని, ప్రతి మాటకును దాని జోడు మాటను చూచుచు చదివెను. ఒకమారు చదువునప్పటికి సగము మాటలు, రెండవమారు చదువునప్పటికి ఇంచుమించు అన్నియు వచ్చెనని అతడు వ్రాసెను. నిఘంటువు తెరచి ఒక్క నిమిషము వ్యర్థము చేయలేదట.

ఇట్లు రెండు పుటలు ప్రక్కప్రక్కన పెట్టి చదువువానికి ఏమి బోధపడునో, నా, నీ, అతని, ఆమె అను చిన్నమాటల వలననే తెలిసికొనవచ్చును. తెలుగున మనము నా పుస్తకము అందుము. వాడుక గ్రీకున పుస్తకము ముందు వచ్చి, నా అను మాట దాని వెనుక వచ్చును. తో వివ్లియోన్ మూ అందురు. ఆ పుస్తకము నా అన్నట్లుండును. మూ అనిన నా, సూ అనిన నీ. ఇక అతని, ఆమె అను చోట్ల ఒక విశేషము కలదు. ఫ్రెంచిభాషలో అతని తల్లి అనుటకును, ఆమె తల్లి అనుటకును 'సా మేర్' అను ఒకే పలుకుబడి. ఆ 'సా' తల్లి యను శబ్దముయొక్క లింగమును అనుసరించునే గాని, ఆ తల్లి బాలుని తల్లియో బాలిక తల్లియో చెప్పదు. పై కథలోనో ఒక బాలుడు, ఒక బాలిక, వారికి వేర్వేరు తల్లులు. ఫ్రెంచి పుటలో కథ పోవు తీరునుబట్టి ఊహింపవలసిన దానిని గ్రీకు పుట తేటగా చెప్పును. తల్లి యను మాట వెనుక 'తూ' అని యున్నచో బాలుని తల్లి, 'తీస్' అని యున్నచో బాలిక తల్లి. ఈ విషయమున గ్రీకు మన తెలుగువలె నడచును. కాని మా, మన అను భేదము గ్రీకున లేదు. వినువానిని కలుపుకొని చెప్పినను, విడిచి చెప్పినను 'మాస్' అను ఒక్క మాటయే.

ఆరువారములలో వాడుక గ్రీకు వశమైనదని తోచిన పిదప ష్లీమన్ ప్రాచీన గ్రీకునకు దిగెను. అచట త్రోవ మారును. ప్రాచీన గ్రీకున నా అను అర్థమిచ్చు శబ్దము విశేషణమువలె తన ప్రక్కనున్న నామముయొక్క లింగ వచన విభక్తులను పొందును. నా తండ్రి యనునపుడు ఎమోస్, నా తల్లి యనునపుడు ఎమే, నా బిడ్డ యనునపుడు ఎమోన్. బిడ్డ యను గ్రీకు శబ్దము నపుంసక లింగము. సంస్కృతము చదువు విద్యార్థికి ఇది క్రొత్త కాదు. మదీయః, మదీయా, మదీయమ్ అను రూపములు ఇట్టివే. హోమరు కావ్యములలో తన అను అర్థమున వచ్చు 'హోస్' శబ్దమును, సంస్కృతమునందలి 'స్వ' శబ్దమును ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. హోమరున మరియొక సొగసు కలదు. తన చేతులు, తన హృదయము అనవలసిన చోట ఆ కవి పలుమారులు ప్రియమైన చేతులు, ప్రియమైన హృదయము అనును. ప్రియము అను అర్థముగల 'ఫిలోస్' శబ్దమే అట్టి చోట్ల స్వంతమను అర్థమును ఇచ్చును. మూడు మాసములలో ష్లీమన్ హోమరును చదివి గ్రహింపగలిగెను. ఇరువది సంవత్సరములకు పూర్వము దుకాణములో విని ఏడ్చిన భాష ఇప్పుడు అతని వశమయ్యెను.

శబ్దరూపములు, క్రియారూపములు తప్ప వ్యాకరణసూత్రముల కొఱకు తాను కాలము పుచ్చలేదనియు, బడిపిల్లలు ఎనిమిదేండ్లు వ్యాకరణముతో బాధపడియు గ్రీకులో తప్పులు లేక ఒక ఉత్తరము వ్రాయజాలరనియు అతడు వాదించెను. ఇందు నిజము కొంత కలదు. కాని అతడు గ్రీకునకు వచ్చునప్పటికి పదికి చేరువగా భాషలు నేర్చియుండెను. వానిలో విభక్తులు విస్తారముగాగల రష్యను ఒకటి. పండ్రెండేండ్ల బాలునికి ఆ సహాయము లేదు. అదిగాక, దినమునకొక గ్రీకు వ్యాసము వ్రాసి గురువుచే దిద్దించుకొని వల్లించువాడు వ్యాకరణము నేర్వలేదనుట ఎట్లు? పుస్తకముగా నేర్వలేదు, అంతే.

1864 నాటికి వర్తకమును విడిచి అతడు లోకసంచారమునకు బయలుదేరెను. సింహళము, మద్రాసు, కలకత్తా, కాశీ, ఢిల్లీ చూచి చైనా, జపానులకు పోయెను. పిదప పారిస్ నగరమున చదువుకొని, 1868లో హోమరు కావ్యమును చేతబట్టి గ్రీసు దేశమును, ట్రాయి ప్రాంతమును దర్శించెను. ఆ ప్రాంతము నాడు తురుష్క సామ్రాజ్యమునకు చెందినది. బునార్‌బషి అను గ్రామము కడ ట్రాయి యుండెనని పండితులనేకుల మతము. ష్లీమన్ అచట త్రవ్వి చూచి ఏమియు కానక, తిరుగుప్రయాణమున ఓడ తప్పిపోయి, ఫ్రాంక్ కాల్వర్టు అను ఆంగ్లేయుని కలిసికొనెను. కాల్వర్టు చిరకాలముగా ఆ ప్రాంతమున నివసించినవాడు. హిస్సార్లిక్ అను దిబ్బలో కొంత భాగము అతని కుటుంబమునకు చెందినది. ట్రాయి ఆ దిబ్బక్రిందనే యున్నదని నమ్మి అతడు 1863 మొదలు త్రవ్వుచుండెను. ధనము చాలక పని ఆగిపోయెను. అతడు తనకు తెలిసినదంతయు ష్లీమనుకు చెప్పెను. ఎట్టి పనిముట్లు తేవలెనో, ఎండకు ఎట్టి టోపీ మంచిదో కూడ ష్లీమన్ అతనికే వ్రాసి అడిగి తెలిసికొనెను. తరువాత వెలువడిన గ్రంథములలో మాత్రము ఆ స్థలమును కనిపెట్టిన కీర్తిని తనదిగా వ్రాసికొనెను. కాల్వర్టు పత్రికలలో తన వాదము వినిపించెను గాని లోకము అంతగా చెవిని పెట్టలేదు.

1869లో రోస్టాక్ విశ్వవిద్యాలయము ష్లీమనుకు డాక్టరు పట్టము నొసగెను. దానికై సమర్పించిన జీవితసంగ్రహమును అతడు ప్రాచీన గ్రీకులో కూడ వ్రాసెను. రష్యాలో జరిగిన మొదటి వివాహము సుఖము నీయక, ఆ యేడే రద్దయ్యెను. తనకొక గ్రీకు కన్యను చూడుమని అతడు పాత గురువు వింపోసునకు జాబు వ్రాయగా, ఆయన తన బంధువర్గమునుండి సోఫియా అను పదునేడేండ్ల బాలికను చూపెను. ఆమె హోమరు పద్యములను చదివి పరీక్షలో నెగ్గెనని చెప్పుదురు. వరునికి నలువదియేడేండ్లు. ఇట్టి వివాహమును నేటివారు మెచ్చరు. భార్యాభర్తలు జీవితాంతము గ్రీకులోనే ఉత్తరములు వ్రాసికొనిరి. కుమార్తెకు అండ్రోమకి, కుమారునికి అగమెమ్నాన్ అని ఇలియడ్‌లోని పేర్లు పెట్టిరి.

1871లో తురుష్క ప్రభుత్వము హిస్సార్లిక్ త్రవ్వుటకు అనుమతి నిచ్చెను. దొరకిన వస్తువులలో సగము ప్రభుత్వమునకు చెందవలెనని నియమము. ష్లీమన్ నూరుమందికి పైగా కూలీలను పెట్టి, దిబ్బను నడుమకు చీల్చుచు పెద్ద కందకము త్రవ్వించెను. ఒకదానిపై నొకటిగా పెక్కు నగరముల శిథిలములు బయలుపడెను. హోమరు ట్రాయి మిక్కిలి అడుగున నుండునని అతని నమ్మకము. ఆ తొందరలో పై పొరలను చాలవరకు పెళ్లగించి పారవేయించెను. 1873 మే మాసమున కాలిన గోడల చెంత బంగారు నిధి దొరకెను. కిరీటములు, పాత్రలు, హారములు, అతని లెక్క ప్రకారము 8,750 చిన్న బంగారు వస్తువులు అందుండెను. అది ట్రాయి రాజైన ప్రియముని నిధియని అతడు చాటెను. కూలీలను భోజనమునకు పంపి, సోఫియా తన శాలువలో ఆ వస్తువులను మూటగట్టి తీసికొనిపోయెనని గ్రంథమున వ్రాసెను. ఆ దినములలో సోఫియా ఏథెన్సులోనే యుండెను. ఈ సంగతి అతడే ఒక ఉత్తరమున ఒప్పుకొనెను.

ఆ నిధిని అతడు రహస్యముగా ఏథెన్సునకు చేర్చెను. తురుష్క ప్రభుత్వము 1874లో ఏథెన్సు న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. వారికి పదివేల ఫ్రాంకులు చెల్లింపవలసియుండగా ష్లీమన్ ఏబదివేల ఫ్రాంకులిచ్చి 1875లో ఆ తగవును తెంచుకొనెను. ఇలియడ్ కావ్యము కూడ ఇట్టి తగవుతోనే ఆరంభమగును. యుద్ధమున లభించినది ఎవరిదను విషయమున గ్రీకు వీరులలో ప్రముఖులిద్దరు కలహింతురు. ఆ కావ్యమును కంఠస్థము చేసిన ష్లీమన్ కాల్వర్టు విషయమునను, తురుష్కుల విషయమునను ధర్మముగా నడచెనని చెప్పుటకు వీలులేదు.

1876లో గ్రీసు దేశమున మైసీనీ నగరమును త్రవ్వినపుడు గ్రీకు ప్రభుత్వోద్యోగి యొకడు ప్రక్కనే నిలిచి ప్రతి వస్తువును కాచెను. రాజసమాధులలో బంగారు ముఖకవచములు, కత్తులు, పాత్రలు రాసులుగా దొరకెను. అవి ఆ దేశముననే యుండిపోయెను. నేడు ఏథెన్సు జాతీయ ప్రదర్శనశాలకు అవి మకుటములు.

ఏథెన్సులో ష్లీమన్ గొప్ప భవనము కట్టించి, దానికి ట్రాయి మందిరమను అర్థమున గ్రీకుపేరు పెట్టెను. సేవకులను కూడ పురాణపురుషుల పేర్లతో పిలుచుచుండెను. నేడది ప్రాచీన నాణెముల ప్రదర్శనశాల. 1882 మొదలు విల్హెల్మ్ డోర్ప్‌ఫెల్డ్ అను శిల్పి సాయముతో అతడు హిస్సార్లిక్‌లో పనిని మరింత శ్రద్ధగా సాగించెను. అప్పుడు గాని పొరల కాలక్రమము స్పష్టపడలేదు. నిధి దొరకిన పొర క్రిందినుండి రెండవది. ట్రాయి యుద్ధము జరిగినదని తలచు కాలమునకు అది వేయియేండ్లకు పైగా పూర్వపుది. అనగా ఆ బంగారము ప్రియమునిది కానేరదు.

1890 నవంబరులో జర్మనీలో చెవికి శస్త్రచికిత్స చేయించుకొని, గాయము మానకముందే అతడు ప్రయాణమయ్యెను. క్రిస్మసునాటికి ఏథెన్సు చేరలేకపోయెను. నేపుల్సు నగరవీథిలో పడిపోయి, మాట పోయి, డిసెంబరు 26వ తేదీన మరణించెను. దేహమును ఏథెన్సునకు తెచ్చి సమాధిచేసిరి.

ట్రాయి నిధిని అతడు 1881లోనే జర్మను ప్రజలకు దానముచేసియుండెను. అది బెర్లిను నగరమున నుండగా, 1945లో సోవియట్ సేనలు దానిని మాస్కోకు తరలించెను. అది ఎక్కడ నున్నదో అర్ధశతాబ్దము వరకు లోకమునకు తెలియలేదు. 1996లో మాస్కోలోని పుష్కిన్ ప్రదర్శనశాల దానిని ప్రజలకు చూపెను. దానమిచ్చినందున మాదని జర్మనీయు, యుద్ధనష్టమునకు బదులుగా వచ్చినందున మాదని రష్యాయు, మా నేలలో దొరకినందున మాదని టర్కీయు పలుకుచున్నవి. 1998లో రష్యా అట్టి వస్తువులు తమ రాజ్యపు సొత్తని శాసనము చేసెను. నిధిలో అధికభాగము మాస్కోలోనే యున్నది. హిస్సార్లిక్ త్రవ్వకములలో దొరకిన మరికొన్ని వస్తువులు ఇస్తాంబులు ప్రదర్శనశాలలో నున్నవి.